క్రైస్తవ ‘రక్షణ’ – శబ్దార్థ విచారము

నేను ప్రాచ్య కళాశాలలో అధ్యాపకుడనై యుండిన కాలమున ఒకనాడు భాషాప్రవీణ విద్యార్థులకు తెలుగునుండి సంస్కృతమునకు అనువదించుటకై కొన్ని గద్యభాగముల నిచ్చితిని. వానిలో లూకా సువార్త పందొమ్మిదవ అధ్యాయమునందలి జక్కయ్య కథ యొకటి. యెరికో పట్టణమున సుంకపు గుత్తదారుడై ధనము కూడబెట్టిన జక్కయ్య పొట్టివాడగుటచే, దారిని పోవుచున్న యేసును చూచుటకు మేడిచెట్టెక్కెను. యేసు ఆతనిని దిగిరమ్మని పిలిచి ఆతని యింటనే బస చేసెను. జక్కయ్య తన ఆస్తిలో సగము బీదలకిత్తుననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింతుననియు పలికెను. అంతట యేసు, ఆ దినమున ఆ యింటికి రక్షణ వచ్చినదని చెప్పినట్లు తెలుగు బైబిలు పాఠము. ఒక విద్యార్థి రక్షణ యనుచోట ‘పరిత్రాణమ్’ అని వ్రాసెను. శాస్త్రసిద్ధమైన పారిభాషిక పదముండగా సామాన్యపదమేల యని తలచి, నేను దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ‘మోక్షః’ అని దిద్దితిని. క్రైస్తవ కుటుంబమున జన్మించిన ఆ విద్యార్థి మిక్కిలి వినయముతో “గురువుగారూ, మోక్షము ఇంటికి వచ్చునాండీ?” అని యడిగెను. నేనేదో సమాధానము చెప్పి తరగతి ముగించితిని. అది సమాధానము కాదని నాకప్పుడే తెలియును.

మన తులనాత్మక వ్యాసములలో ఒక అలవాటు కలదు. హిందువులకు మోక్షము, బౌద్ధులకు నిర్వాణము, క్రైస్తవులకు రక్షణ యని పర్యాయపదములవలె వరుసగా పేర్కొని ముందునకు సాగిపోవుదుము. నేనును అట్లే వ్రాసియున్నాను. ఆ మాటలను పర్యాయములుగా గ్రహించినచో క్రైస్తవుల సిద్ధాంతము మనకు బోధపడదు. మన సిద్ధాంతమును కూడ మనము పలుచన చేసికొందుము. ఈ రెండింటి భేదమును తత్త్వవిచారమునకంటె ముందుగా ధాతువులే చెప్పుచున్నవి.

మోక్షశబ్దమునకు మూలము ‘ముచ్’ ధాతువు. విడుచుట, విడిపించుట దాని యర్థము. కట్టు ఉన్నచోటనే విడుపు. ఈ ధాతువు అకర్మకముగ కూడ ప్రయోగింపబడునని అష్టాధ్యాయి సప్తమాధ్యాయ చతుర్థపాదమునందలి 57వ సూత్రమువలన తెలియుచున్నది. అచ్చట కాశికాకారులు చూపిన ఉదాహరణము దూడను గూర్చినది. దూడ తనంతట తానే కట్టు వదలించుకొనగోరుచున్నది. ముముక్షుశబ్దమున్నూ ఈ సన్నంత రూపమునుండియే వచ్చినది. వేదాంతమున ముముక్షువని యెవనిని గూర్చి చెప్పుదుమో వాని స్థితి ఆ దూడ స్థితియే. గురువు, శాస్త్రము, ఈశ్వరానుగ్రహము సహకరించును. కాని అద్వైతమున కట్టు అవిద్యాకృతము గనుక జ్ఞానోదయముతో అది తనంతట జారిపోవును. విడిపించు వేరొక కర్త అవశ్యముగా కావలెనను నియమము ఆ ధాతువునందు లేదు.

‘రక్ష్’ ధాతువు తీరు వేరు. రక్షించువాడొకడు, రక్షింపబడువాడొకడు ఉండవలెను. అంతియే కాదు. ప్రథమాధ్యాయ చతుర్థపాదము 25వ సూత్రమున పాణిని భయార్థక, త్రాణార్థక ధాతువుల ప్రయోగమున భయహేతువునకు అపాదాన సంజ్ఞను విధించెను. ‘దొంగలనుండి రక్షించుచున్నాడు’ అన్నప్పుడు దొంగలు భయహేతువు. కావున రక్షణశబ్దము వినబడినంతనే వైయాకరణుడు మూడు ప్రశ్నలు వేయును. ఎవరు? ఎవరిని? దేనినుండి? మోక్షవిషయమున రెండవ ప్రశ్నయు మూడవ ప్రశ్నయు ప్రధానములు. క్రైస్తవ రక్షణ విషయమున మొదటి ప్రశ్నయే ప్రధానము.

‘ఆత్మానం రక్షతి’ యను ప్రయోగము కూడ కలదు కదా, అచ్చట కర్తృకర్మలకు భేదమెక్కడ యని యెవరైన ఆక్షేపింపవచ్చును. లోకమున ఆ ప్రయోగము సాధువే. అయితే సువార్తలలో సిలువ వృత్తాంతము చదివినవారికి అచ్చట ఇదే మాట పరిహాసముగా వినబడును. ఇతరులను రక్షించినవాడు తన్ను తాను రక్షించుకొనలేకున్నాడని ప్రధానయాజకులును శాస్త్రులును ఎగతాళి చేసినట్లు మార్కు పదునైదవ అధ్యాయమున వ్రాసెను. వారు దోషముగా చెప్పిన దానినే క్రైస్తవులు సిద్ధాంతముగా స్వీకరించిరి. ఆత్మరక్షణ చేసికొనకుండుటవలననే పరరక్షణ జరిగినదని వారి మతము. ఇంత స్పష్టముగా కర్తృకర్మభేదమును నిలిపిన వాక్యము మరియొకటి నాకు కనబడలేదు.

ఇక మూలభాషల వైపు చూతము. హీబ్రూ భాషలో రక్షించుట యను నర్థమున ‘యాషా’ ధాతువు కలదు; దానినుండి ‘యెషూఆ’ యను నామము. మత్తయి మొదటి అధ్యాయమున దేవదూత యోసేపునకు శిశువు పేరును చెప్పి, తన ప్రజలను పాపములనుండి రక్షించువాడు గనుక ఆ పేరని హేతువు నిచ్చును. యాస్కుని నిరుక్తము చదివినవారికి ఈ పద్ధతి సుపరిచితము. ఇది కేవలము నామనిర్వచనమే. యేసు అను పేరు హీబ్రూలో ఆ ధాతుజన్యమగుటచేతనే ఆ హేతువు పొసగినది. గ్రీకులోగాని తెలుగులోగాని ఆ సంబంధము వినబడదు. పై నిర్వచనమున అపాదానము స్పష్టముగా పాపములు. సంసారము కాదు, జన్మపరంపర కాదు.

అంతకు పూర్వమే నిర్గమకాండము పదునాలుగవ అధ్యాయమున ఈ ‘యెషూఆ’ శబ్దము కలదు. వెనుక ఫరో రథములు, ముందు సముద్రము. నడుమ ఇశ్రాయేలు జనము భయపడి నిలిచినప్పుడు, యెహోవా కలుగజేయు రక్షణను చూడుడని మోషే వారితో పలికెను. అనగా ఆ శబ్దము తొలుత ఒక జాతియంతయు దాస్యమునుండి బయటపడిన సంఘటనను తెలిపినది. అది ఒక కాలమున, ఒక స్థలమున, శరీరములతో, పిల్లలతో, పశువులతో జరిగినది. ఏకాంతమున ఒక జీవునకు కలుగు అనుభవము కాదు. తరువాతి ఆధ్యాత్మికార్థములన్నియు ఈ మూలమున నాటుకొన్నవే. జక్కయ్య యింటికి రక్షణ వచ్చుటలో వింత లేకపోవుటకు కారణమిది.

గ్రీకు నూతన నిబంధనలో ‘సోజో’ యను క్రియకు కాపాడుట, స్వస్థపరచుట యను రెండర్థములును కలవు. ‘సోతేరియ’ దాని భావనామము. ఇక్కడ తెలుగు అనువాదకుల కష్టమును గమనింపవలెను. మార్కు ఐదవ అధ్యాయమున పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ కథ కలదు. లూకా ఏడవ అధ్యాయమున పరిసయ్యుని యింట యేసు పాదములను కన్నీటితో తడిపిన పాపాత్మురాలి కథ కలదు. ఇద్దరితోను యేసు పలికిన మాటలో వారి విశ్వాసమే కర్త. గ్రీకులో క్రియయు రెండుచోట్ల అదియే. తెలుగులో మాత్రము మొదటిచోట స్వస్థపరచుటగాను, రెండవచోట రక్షించుటగాను అయినది. సందర్భమునుబట్టి అనువాదము తప్పు కాదు. కాని మూలమున ఒకటిగా నున్న దేహారోగ్యము, పాపక్షమ అను రెండును తెలుగు పాఠకునికి రెండు వేర్వేరు విషయములైనవి. సిరియా భాషలోని పెషిత్తా అనువాదకులు ఈ చిక్కును మరియొక విధముగ దాటిరి. వారు ‘సోతేరియ’కు జీవము అను నర్థముగల ‘హయ్యే’ శబ్దమును వాడిరి. రక్షకుడనగా జీవింపజేయువాడు. కేరళలోని సురియాని క్రైస్తవుల ప్రాచీన ఆరాధనభాష ఇదియే గనుక, మన దేశమునకు ఆ మాట కొత్తది కాదు.

తెలుగు అనువాదకులకు మోక్షశబ్దము తెలియక రక్షణశబ్దమును గ్రహించిరని తలచుట పొరపాటు. బెంజమిన్ షూల్జ్ పద్దెనిమిదవ శతాబ్ది పూర్వార్ధముననే బైబిలును తెనిగింప పూనుకొనెను. ఆ గ్రంథము అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెస్‌గ్రాంజెస్ అను లండన్ మిషను వారికి ఆనందరాయర్ అను బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడెను. అట్టి పండితునికి మోక్షశబ్దము తెలియకుండునా? క్రైస్తవ కీర్తనలలో ముక్తి, మోక్ష శబ్దములు లేకపోలేదు; తమిళ క్రైస్తవులలో మోక్షశబ్దము స్వర్గమునకు పేరుగా స్థిరపడినది. అయినను ‘సోతేరియ’కు స్థిరపడిన పదము రక్షణయే. సంస్కృత నూతన నిబంధనను కేరీ 1808లో శ్రీరామపురమున ప్రకటించెను. అటుపిమ్మటి కలకత్తా బాప్తిస్టు అనువాదమున పరిత్రాణ, త్రాతృ శబ్దములు కనబడును. నా విద్యార్థి తెలియకయే ఆ దారిలో నడచెను.

ఇంకొక విశేషము. ‘ముచ్’ ధాతువును తెలుగు బైబిలు వదలివేయలేదు. ‘విమోచనము’ రూపమున దానిని వేరొక గ్రీకు పదమునకు వినియోగించినది. ‘లూత్రోన్’ అనగా దాసుని విడిపించుటకై చెల్లించు వెల. మనుష్యకుమారుడు అనేకులకు బదులుగా తన ప్రాణమును అట్టి వెలగా నిచ్చుటకు వచ్చెనని మార్కు పదియవ అధ్యాయము. దానినుండి కలిగిన ‘అపోలూత్రోసిస్’ అను పదమును పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయమున దేహమును గూర్చి వాడెను. దీనిని సంస్కృతమున ‘దేహవిమోచనమ్’ అని సమాసము చేసినచో ప్రమాదము పొంచియున్నది. మనవాడు దానిని నిస్సంకోచముగా పంచమీతత్పురుషముగా విడదీసి, దేహమునుండి విడుదల యని యర్థము చెప్పును. విదేహముక్తి కండ్లయెదుట నిలుచును. మూలమున నున్నది షష్ఠి. దేహమే విడుదల పొందవలసినది. తెలుగు అనువాదకుడు ‘దేహముయొక్క’ యని విడదీసి వ్రాసి సందేహమునకు తావు లేకుండ చేసెను. క్రైస్తవమున మరణము శత్రువు, దేహము శత్రువు కాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునైదవ అధ్యాయమంతయు మృతుల పునరుత్థానమును గూర్చిన వాదమే. కైవల్యమును ఆదర్శముగా గల సాంఖ్యునికి ఈ ఆశ వింతగా తోచును. ఆ వింతను వింతగానే గ్రహించుట మేలు.

అపాదానము పాపమని చెప్పితిమి. దానితో మరణమును, దైవక్రోధమును కూడ పౌలు పేర్కొనెను. ఇక కరణమేది? ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమున రక్షణ కృపచేత, విశ్వాసము ద్వారా కలిగినదనియు, అది మనుష్యుల వలన కలిగినది కాదనియు కలదు. సాధకతమము కరణమన్న పాణిని లక్షణము ప్రకారము కృపయే కరణము. విశ్వాసము ద్వారము మాత్రమే. శ్రీవైష్ణవ సంప్రదాయము తెలిసినవారికి వెంటనే ప్రపత్తి స్ఫురించును. శరణాగతి యొక్క ఆరు అంగములలో, భగవంతుడు రక్షించునను విశ్వాసమొకటి, ఆతనిని రక్షకునిగా వరించుట మరియొకటి. రక్ష్ ధాతువును విశ్వాసశబ్దమును అచ్చట కలిసియే యున్నవి. మోక్షమునకు దగ్గరగా కాక దీనికి దగ్గరగా క్రైస్తవ రక్షణ నిలుచుచున్నది. జర్మను పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1930లో భారతీయ కృపామతమును క్రైస్తవముతో పోల్చి ఒక గ్రంథమునే వ్రాసెను.

మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయముల విషయమున వడగలై, తెంగలై వర్గములకు గల వివాదమువంటిది క్రైస్తవులలోను కలదు. తల్లిని తానే పట్టుకొను కోతిపిల్ల పక్షమా, తల్లి నోట కరచుకొనిపోవు పిల్లికూన పక్షమా? పెలాగియసు మానవ ప్రయత్నమునకు అధిక ప్రాధాన్యమిచ్చుటను అగస్టీను ఖండించెను. 418లో కార్తేజి సభ పెలాగియసు మతమును త్రోసిపుచ్చినది. పదునారవ శతాబ్దిలో లూథరు విశ్వాసము మాత్రమే యనెను. ట్రెంటు సభ 1547లో దానికి ప్రత్యుత్తరముగా తన నిర్ణయమును ప్రకటించినది. కతోలికులును లూథరీయులును ఈ విషయమున మూలసత్యములలో ఏకాభిప్రాయమును తెలుపుచు సంయుక్త ప్రకటనముపై సంతకము చేసినది 1999 అక్టోబరు 31న, ఔగ్స్‌బర్గులో. నాలుగు శతాబ్దములకు పైగా సాగిన వివాదము! మన కాంచీపుర వీథులలోని వివాదములను చూచి నవ్వువారు దీనిని గమనింపవలెను.

సామ్యము ఇంతవరకే. శ్రీవైష్ణవునికి భయహేతువు సంసారము. అనాదికర్మ అచ్చట అంగీకృతము. క్రైస్తవునికి పూర్వజన్మ లేదు.

ఇచ్చటనే మీమాంసకుని అసలైన ఆక్షేపణ యెదురగును. తెలుగు బైబిలు లేవీయకాండమున బలివిధానములను చెప్పునపుడు ‘ప్రాయశ్చిత్తము’ అను మాటను వాడినది. ధర్మశాస్త్రమున ప్రాయశ్చిత్తమును చేయవలసినవాడు పాపి. లేవీయకాండమున ప్రజల నిమిత్తము యాజకుడు చేయును. హెబ్రీయులకు వ్రాసిన పత్రికయందు క్రీస్తే యాజకుడు, క్రీస్తే బలి. శాస్త్రఫలము ప్రయోక్తయందే యని జైమిని తృతీయాధ్యాయ సప్తమపాదమున సిద్ధాంతీకరించెను. ఒకడు చేసిన కర్మకు మరొకడు ఫలము పొందినచో కృతహానము, అకృతాభ్యాగమము అను రెండు దోషములు తప్పవు. దండన ననుభవించినవాడు నిర్దోషి, విముక్తుడైనవాడు దోషి యనుట న్యాయమెట్లగును? ఇది వెక్కిరింత కాదు, శాస్త్రీయమైన ప్రశ్న.

సంస్కృతముననే ఈ రెండు మతముల వాదము ఒకసారి జరిగినది. జాన్ మ్యూర్ 1839లో ‘మతపరీక్షా’ యను శ్లోకగ్రంథమును ప్రకటింపగా, సోమనాథుడు ఆ సంవత్సరముననే, హరచంద్ర తర్కపంచాననుడు 1840లో ప్రత్యుత్తరములు వ్రాసిరి. పిమ్మట కాశీపండితుడు నీలకంఠ గోరే ‘శాస్త్రతత్త్వవినిర్ణయము’ రచించెను. పూర్వకర్మను అంగీకరింపనిచో జీవుల సుఖదుఃఖభేదమునకు ఈశ్వరునియందు వైషమ్యనైర్ఘృణ్యములు ప్రసక్తమగునను వాదము మన పక్షమున బలమైనది. ఆ నీలకంఠుడే 1848లో క్రైస్తవమును స్వీకరించి నెహెమ్యా గోరే యయ్యెను. తరువాత ‘షడ్దర్శనదర్పణము’ వ్రాసి తాను సమర్థించిన దర్శనములనే విమర్శించెను. ఆ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదువుట మన పరిశోధక విద్యార్థులకు మంచి అభ్యాసము. ఒకే బుద్ధి రెండు పక్షములను అంతే నిష్ఠతో వాదించిన సందర్భములు అరుదు.

మీమాంసకుని ఆక్షేపణకు మీమాంసయందే ఒక అపవాదము కలదు. పుత్రుడు పుట్టినప్పుడు తండ్రి వైశ్వానరేష్టి చేయును; దాని ఫలము పుత్రునకు. చతుర్థాధ్యాయ తృతీయపాదమున ఈ జాతేష్టి విచారింపబడినది. కర్త తండ్రి, ఫలభాగి బిడ్డ. తనకై తాను ఏమియు చేసికొనలేని శిశువు విషయమున శాస్త్రమే అట్లు అంగీకరించినది. క్రైస్తవ పండితుడు ఈ న్యాయమును గ్రహింపవచ్చునని నాకు తోచును. మనుష్యుడు తన రక్షణ విషయమున శిశుప్రాయుడే యని గదా వారి వాదము! అయినను ఇది సగము దారివరకే వచ్చును. జాతేష్టిలో ఫలము పవిత్రత, బ్రహ్మవర్చసము, అన్నసమృద్ధి మొదలగునవి. బిడ్డ చేసిన పాపమును తండ్రి మోయుట అచ్చట లేదు. మిగిలిన సగము దారికి పౌలు వేరొక కారకమును ఆశ్రయించెను. ‘క్రీస్తునందు’ అను సప్తమి ఆయన పత్రికలలో మాటిమాటికి వచ్చును. ఆదామునందు అందరును మృతులైనట్లు క్రీస్తునందు అందరును బ్రతికింపబడుదురని ఆయన తర్కము. శిరస్సునకును అవయవములకును భేదము లేనట్లు వారిరువురకును అన్యత్వము లేనిచో, ఒకని కర్మ అన్యునకు ఫలించెనను దోషమునకు చోటెక్కడిది? పదునొకండవ శతాబ్ది చివర ఆన్సెల్ము దీనిని ఋణము తీర్చుటగా వివరించెను. ఆ వివరణకంటె పౌలు యొక్క అధికరణ కారకమే మన శాస్త్రమునకు ఎదురు నిలువగల సమాధానమని నా అభిప్రాయము. ఈ ఐక్యమునకు ప్రమాణమేది యని మీమాంసకుడు మరల అడుగును. అచ్చట ఇరువురును తమ తమ శబ్దప్రమాణములయొద్ద ఆగిపోవుదురు.

కాలవిషయము కొంచెము చెప్పి ముగించెదను. పౌలు రక్షణక్రియను మూడు కాలములలోను వాడెను. ఎఫెసీ పత్రికలో జరిగిపోయినదిగా, కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయమున జరుగుచున్నదిగా, రోమా పత్రిక ఐదవ అధ్యాయమున జరుగబోవునదిగా. జీవన్ముక్తి, విదేహముక్తి అను విభాగము దీనికి సరిపోదు. జీవన్ముక్తునికి పొందవలసినది మిగులదు. ప్రారబ్ధము మాత్రము మిగులును. క్రైస్తవునికి పొందవలసినదే మిగిలియున్నది.

జక్కయ్య వాక్యమున గ్రీకు క్రియను చూడగా అది ‘వచ్చెను’ అని కాదు, ‘కలిగెను’ అని. గృహశబ్దమునకు అచ్చట చతుర్థీతుల్యమైన విభక్తి. కావున నా విద్యార్థి ప్రశ్న తెలుగు పాఠముపై ఆధారపడినదే యైనను గురి తప్పలేదు. జక్కయ్య ధనమును మరల చెల్లింతునన్నది అతిథి ఇల్లు చేరిన పిమ్మట. అతిథి పిలుపు దానికి ముందే జరిగినది. ఆ ఉత్తరపత్రము ఇప్పుడు నాయొద్ద లేదు. ఉన్నచో నా ‘మోక్షః’ను కొట్టివేసి, ‘పరిత్రాణమ్’ పదమును మరల నిలిపి, ‘అస్మై గృహాయ’ యని చతుర్థి నుంచవలెనా, ‘అస్మిన్ గృహే’ యని సప్తమి నుంచవలెనా యని ఆతనినే అడిగియుందును.